కాగితానికి ఘోషా

మా అక్క పెళ్ళి 1974లో వనపర్తిలో మా ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పెళ్ళి ముచ్చట్లు పెద్దగా గుర్తు లేవు గానీ, కట్నాల పుస్తకం మాత్రం బాగా గుర్తుంది. కట్నాలంటే వరకట్నం అనుకునేరు! మా వైపు పెళ్ళికి వచ్చినవాళ్ళు పీటల మీది దంపతులకు చదివించే డబ్బును కూడా కట్నమే అంటారు. కోస్తావాళ్ళు చదివింపులంటారు, అవే ఇవి. పందిట్లో ఒక పెద్దమనిషి బల్ల ముందు కూర్చుని పేరు, వూరు, మొత్తం అని మూడు గడులు గీసుకుని రాస్తూ పోతాడు. పెళ్ళయ్యాక ఆ పుస్తకం ఇంటి ఆడవాళ్ళ చేతికి వస్తుంది. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే అంతకు తగ్గకుండా మనమూ పెట్టాలి కదా! ఆ లెక్క తప్పితే నలుగురిలో మాట పడేది ఇల్లాలే.

ఆ పుస్తకంలో ఒక వరసలో, మొత్తం రాసిన గడి మీద, మా అమ్మ చిన్న కాగితం ముక్క అన్నం మెతుకుతో అంటించింది. ఆ వరస మా నాన్నకు దూరపు చెల్లెలు వరసయ్యే ఒక అత్తది. భర్త పోయాక నాగర్‌కర్నూలు దగ్గర ఒక వూళ్ళో ఎవరింట్లోనో వండిపెట్టి పొట్ట పోసుకునేది. ఆమె చదివించింది రెండు రూపాయలు. పదహారు రోజుల పండుగనాడు చుట్టాలంతా హాల్లో చేరి పుస్తకం తిరగేస్తుంటే, ఆ ముక్క కింద ఏముందోనని నాకు ఆరాటం పుట్టింది. అంటించింది వూడదీయలేదు, ఆ పేజీని లాంతరు ముందు పట్టుకున్నానంతే. అక్షరాలు చక్కగా కనబడ్డాయి. ‘రెండు రూపాయలే!’ అని గట్టిగా చదివాను. అందరూ నవ్వారు. గోడ వారగా కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తున్న మా అత్త కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమె మా ఇంట్లో ఏ శుభకార్యానికీ రాలేదు.

మా అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి, ‘అంత గుట్టుగా వుంచాలనుకుంటే ఆ అంకె కొట్టేస్తే సరిపోయేది కదా, కాగితం అంటించడమెందుకు?’ అని అడిగాను. ‘కొట్టేస్తే ఆమె బిడ్డ పెండ్లికి ఎంత పెట్టాల్నో తెలిసేదెట్ల? లెక్క వుండాలె, నలుగురి నోట్ల పడొద్దు’ అంది.

లెక్క వుండాలి, నలుగురి నోట్లో పడకూడదు. ఈ రెండు ముక్కల్లో ఎంత న్యాయశాస్త్రం వుందో తెలుసుకోవడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది. ఎలాగో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నేను వనపర్తిలో వకీళ్ళ దగ్గర గుమాస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. టైపు మిషను మీద మొదలుపెట్టి కంప్యూటరు దాకా వచ్చాను. కిందటేడు మా సారు దగ్గరికి ఒక భూసేకరణ తగాదా వచ్చింది. కాలువ కింద పోయిన భూమికి వచ్చే పరిహారంలో ఎవరి వాటా ఎంత అన్నది తగువు. ఆ కాగితాలతోపాటు ఒక ఎక్సెల్ షీటు కూడా మా చేతికి వచ్చింది. నాలుగొందల చిల్లర వరసలు. వరసకొక మనిషి. పేరు, తండ్రి లేక భర్త పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, పరిహారం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను, చివర రిమార్కులు. ఈ రిమార్కుల గడి వుంది చూశారూ, అది రాసినవాళ్ళకు మనుషుల బతుకులంటే బొత్తిగా లక్ష్యం లేనట్టుంది. ‘మతి స్థిమితం లేదు’, ‘రెండో భార్య’, ‘జబ్బు మనిషి’ అని తోచినట్టు రాసిపెట్టారు.

అందులో మా కక్షిదారు వరస కూడా వుంది. కృష్ణ ఒడ్డున వున్న ఒక పల్లె ఆమెది. భర్త పోయాక మరిది బాధ పడలేక ఇల్లు వదిలిపెట్టి వచ్చేసింది. ఎక్కడుంటున్నదీ అత్తవారికి తెలియనివ్వలేదు. రిమార్కుల గడిలో మాత్రం ఫలానా వూళ్ళో కూతురి దగ్గర వుంటున్నదని శుభ్రంగా రాసి వుంది. ఆ కేసులో ఎదుటి పక్షం ఎవరనుకున్నారు? ఆ మరిదే.

‘అమ్మా, ఎదుటి వకీలుకు షీటు కాపీ ఇవ్వాలె. పేర్లు, సర్వే నంబర్లు, మొత్తాలు వుండనియ్యి. ఆధార్లు, ఖాతాలు, ఫోన్లు, రిమార్కులు కనబడొద్దు’ అన్నారు సారు. అదెంత పని! నాలుగు కాలములూ ఎంచుకుని ‘హైడ్’ అని నొక్కాను. మాయమైపోయాయి. పెన్‌డ్రైవులో ఎక్కించుకుని ఇంటికి వచ్చాను, మర్నాడు పొద్దున దారిలో ఇచ్చేద్దామని.

ఆ రాత్రి మా అక్క మనవరాలు ఇంట్లో వుంది. హైదరాబాదులో కంప్యూటరు చదువు చదువుతోంది. నా ఘనకార్యం దానికి చూపించాను. అది ‘ఇదేంది చిన్నమ్మమ్మా’ అంటూ మిగిలిన కాలముల మీద ఒకసారి చెయ్యి పెట్టి ఏదో నొక్కింది. నాలుగు కాలములూ పొదలోంచి కుందేళ్ళలా ఒక్కసారి బయటికి దూకాయి. ఆ వరసలో ఆమె వుంటున్న వూరు పేరు నా కళ్ళ ముందు నిలబడింది. నాకు మళ్ళీ లాంతరు గుర్తొచ్చింది.

ఆ షీటు మర్నాడు వెళ్ళలేదు, అదృష్టం. కానీ అంతకు ముందు ఎన్ని షీట్లు ఇలా ‘దాచి’ పంపానో, ఆ రాత్రి పడుకుని లెక్కపెట్టబోయి భయపడి మానేశాను.

మీలో చాలామంది ఇవాళ ఎక్సెల్ వాడుతూనే వుంటారు. స్వయం సహాయక సంఘం పొదుపులకో, అపార్టుమెంటు మెయింటెనెన్సు లెక్కలకో, పిల్లల మార్కులకో. అందుకని మా అమ్మాయి ఆ రాత్రి నాకు చెప్పినవి మీకూ చెబుతాను. కాలము దాస్తే ఎదుటివాళ్ళు ఒక్క మీటతో తీసేస్తారు. గడిని నల్లరంగుతో నింపితే, ఆ గడి మీద నొక్కగానే పైనున్న పట్టీలో అక్షరాలన్నీ కనిపిస్తాయి. ఫిల్టరు పెట్టి కొన్ని వరసలే చూపిస్తే, మిగతావి తెర వెనక కూర్చునే వుంటాయి. ఒక షీటు వెనక ఇంకో షీటు దాక్కుని వుండొచ్చు. గడి మూలన అంటించిన చిన్న వ్యాఖ్యలు వుండిపోతాయి. వేరే షీటు నుంచి లెక్క తెచ్చుకునే సూత్రాలుంటే, వాటి వెంట ఆ సమాచారమూ నడిచివస్తుంది. ఒక్క మాటలో చెప్పాలంటే అన్నం మెతుకుతో అంటించిన కాగితమే ఇవన్నీ. లాంతరు వుంటే చాలు.

ఇదేదో మా వనపర్తి గుమాస్తా అజ్ఞానమని తేలిగ్గా తీసుకోకండి. 2023 ఆగస్టు 8న ఉత్తర ఐర్లండు పోలీసుశాఖ కూడా ఇదే పని చేసింది. మీ దగ్గర ఏ హోదాలో ఎంతమంది వున్నారని ఎవరో సమాచార హక్కు కింద అడిగారు. అంకెలు వేసి షీటు పంపారు. ఆ అంకెలు కూడిన మూలపు షీటు వెనక దాగి వుండిపోయింది. అందులో 9,483 మంది ఉద్యోగుల ఇంటిపేర్లు, పొడి అక్షరాలు, పనిచేసే చోట్లు వున్నాయి. రెండున్నర గంటల సేపు అది లోకమంతా చూసేలా ఇంటర్నెట్టులో వుంది. ఆ దేశంలో పోలీసుల కార్ల కింద బాంబులు పెట్టిన చరిత్ర వుంది. తాము పోలీసులమని సొంత చుట్టాలకు కూడా చెప్పుకోనివాళ్ళు వాళ్ళలో వున్నారు. 2024లో ఆ శాఖకు ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది. అంతకు ముందు, 2022 ఫిబ్రవరిలో, బ్రిటన్ రక్షణశాఖ ఉద్యోగి ఒకరు నూటయాభై వరసలే పంపుతున్నాననుకుని ముప్పైమూడు వేల వరసలున్న షీటు పంపేశారు. తాలిబన్ల నుంచి తప్పించుకోవాలని అర్జీ పెట్టుకున్న అఫ్ఘాన్ల పేర్లు అవి. ఈ సంగతి 2025 జులై దాకా కోర్టు ఉత్తర్వుతో గుట్టుగా వుంచారు.

గడులు కొత్తవి కావు. మన పాలమూరు రైతు బతుకంతా గడుల్లోనే గడిచింది. పహాణీ అంటే మరేమిటి? ముప్పైకి పైగా కాలములున్న పట్టిక. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు, అనుభవదారు, ఏ పంట, ఏ నీరు. కంప్యూటరు లేని ఎక్సెల్ షీటు అన్నమాట. గద్వాల, వనపర్తి సంస్థానాలుగా వున్న రోజుల్లో ప్రభువులు శిస్తు వసూలు చేసుకుని నిజాముకు పేష్కష్ కట్టేవారు. 1949లో జాగీర్లు రద్దయి అవి పోయాయి. తర్వాత 1954-55లో రాసిన ఖాస్రా పహాణీ మా తాలూకాల్లో ఇవాళ్టికీ భూమి తగాదాలకు మూలగ్రంథం. అంతకు ముందటి సేత్వార్లు ఉర్దూలో వుంటాయి. మా సారు దగ్గర పనిచేసేటప్పుడు వాటిని చదివించుకోవడానికి ఒక ముసలి మౌల్వీగారి ఇంటికి వెళ్ళేదాన్ని. రైతు తన భూమి కాగితం తానే చదవలేని రోజులవి. అప్పుడు దేనినీ మూయనక్కరలేదు, భాషే పెద్ద తెర.

మరి ఆడదాని సంగతి? అప్పుడు తెర మనిషికే వుండేది. గద్వాల సంస్థానానికి చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. అంటే ఏలిక స్త్రీ అయిన సీమ మాది. అయినా గొప్పింటి ఆడవాళ్ళు నలుగురిలోకి రావడమనేది అరుదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో 132వ సెక్షను చూడండి. ఆచారం ప్రకారం బయటికి రాని స్త్రీలను కోర్టుకు స్వయంగా హాజరు కమ్మని బలవంతపెట్టకూడదు. అదే ఏటి రిజిస్ట్రేషను చట్టం 38వ సెక్షను కూడా అంతే. అలాంటి స్త్రీ దస్తావేజు రాసిస్తే, రిజిస్ట్రారే ఆమె ఇంటికి వెళ్ళాలి, లేదా ఎవరినైనా పంపి వాంగ్మూలం తీసుకోవాలి. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిశాక ఈ చట్టాలు మా వైపుకీ వచ్చాయి. తెర వెనక నుంచి ఒక చెయ్యి, ఆ చేతికి ఒక వేలిముద్ర. మనిషి కనబడదు. కానీ ఆ వేలిముద్ర పడిన దస్తావేజు మాత్రం రుసుము కట్టిన ప్రతివాడూ చూడొచ్చు!

అయితే ఆ చట్టం రాసినవాళ్ళను ఒక విషయంలో మెచ్చుకోవాలి. అన్ని పుస్తకాలనూ ఒకే గాటన కట్టలేదు. స్థిరాస్తి దస్తావేజులు నకలు రాసే ఒకటో నంబరు పుస్తకం ఎవరైనా చూడొచ్చు. భూమి కొనేవాడు మోసపోకూడదు కదా. వీలునామాలు రాసే మూడో నంబరు పుస్తకం అలా కాదు. రాసినవాళ్ళు బతికి వుండగా వాళ్ళకూ, వాళ్ళ తరఫువాళ్ళకూ తప్ప ఇంకెవరికీ నకలివ్వరు. కావాలంటే వీలునామాను కవరులో పెట్టి, సీలు వేసి, జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రం చేసుకోవచ్చు. బ్యాంకుల సంగతీ అంతే. ఒక ఖాతాదారు తగాదా కోసం బ్యాంకు లెడ్జరు మొత్తం కోర్టుకు మోసుకొస్తే మిగతావాళ్ళ గుట్టు ఏం కావాలి? అందుకే 1891లోనే ఒక చట్టం తెచ్చారు. కావలసిన పద్దు వరకు ధ్రువీకరించిన నకలు ఇస్తే చాలునన్నారు. ఇంగ్లండులో ఇంకా పూర్వం నుంచీ, వ్యాపారి తన చిట్టా ఎదుటివాడికి చూపించాల్సి వస్తే, తగాదాకు సంబంధం లేని పేజీలకు సీలు వేసుకునే ఆచారం వుండేది. సంబంధం లేదని ప్రమాణపత్రం మాత్రం ఇవ్వాలి. మూసేవాడు మూశానని ఒప్పుకుని, ఎందుకు మూశాడో చెప్పాలన్నమాట.

కాగితానికి తెర కావాలని మన దేశానికి బాధపడి తెలిసివచ్చిన సందర్భం ఒకటుంది. 1978లో హైదరాబాదులో ఒక పోలీసు స్టేషనులో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషను విచారణ జరిపింది. కేసు మా గద్వాల పక్కనున్న రాయచూరుకు మారింది, అక్కడ నిందితులు విడుదలైపోయారు. ఆ రోజుల్లో ఆ స్త్రీ పేరు ప్రతి పత్రికలోనూ, ప్రతి నోటిలోనూ వుంది. ఆమె నడతను గురించి మాట్లాడనివాళ్ళు లేరు. దేశంలో ఇలాంటివి మరికొన్ని జరిగి, స్త్రీలు వీధుల్లోకి వచ్చి అడిగితే, 1983లో చట్టం మారింది. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు అచ్చువేయడం నేరమైంది. ఇప్పటి న్యాయసంహితలోనూ ఆ నిబంధన వుంది. అందుకే ఆమె పేరు నేనిక్కడ రాయలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. కాగితం కాళ్ళు తెచ్చుకుంది. పూర్వం గద్వాలలో దస్తావేజు చూడాలంటే గద్వాల బస్సెక్కాలి, రుసుము కట్టాలి, గుమాస్తా మొహం చూడాలి. ఆ శ్రమే సగం కాపలా. అదంతా ఇంటర్నెట్టులోకి వచ్చాక కాపలా పోయింది. 2017 మేలో బెంగుళూరులోని ఒక పరిశోధనా సంస్థ, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో కలిపి దాదాపు పదమూడు కోట్ల ఆధార్ నంబర్లు బాహాటంగా వున్నాయని లెక్క తేల్చింది. పింఛన్లు, ఉపాధి హామీ కూలీలు తీసుకునే పేదల వివరాలు అవి. రెండు వెబ్‌సైట్లు ఆంధ్రప్రదేశ్‌వే. అదే ఏడు ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. మరుసటి ఏడు పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక యువకుడు పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషను వెబ్‌సైట్లో వున్న భూమి దస్తావేజులు తీసి, వాటి మీది వేలిముద్రలను రబ్బరు అచ్చులుగా చేసి, వాళ్ళ పేర్ల మీద సిమ్‌లు తెరిచాడు. తెర వెనక నుంచి చెయ్యి మాత్రం చాచిన మన ముత్తవ్వలకు ఈ సంగతి చెబితే ఏమనేవారో!

ఇక మా షీటు సంగతికి వస్తాను. మా అమ్మాయి చెప్పినట్టు మళ్ళీ మొదటినుంచి చేశాను. అసలు షీటును ముట్టుకోకుండా పక్కన పెట్టాను. కొత్త షీటు తెరిచి, ఇవ్వవలసిన కాలములు మాత్రమే, సూత్రాలు లేకుండా విలువలుగా దింపాను. అప్పుడు గమనించాను, పేరు వున్నా లేకపోయినా, మా పల్లెల్లో సర్వే నంబరు చెబితే మనిషిని చెప్పినట్టే. పట్నంలో నంబరు నంబరే. పల్లెలో ‘నూటపన్నెండులో రెండెకరాలు, వితంతువు’ అంటే చిన్నపిల్లవాడు కూడా ఇల్లు చూపిస్తాడు. కాబట్టి ఏ గడికా గడి చూసి లాభం లేదు, పక్క గడితో కలిపి ఏమవుతుందో చూడాలి. తగాదాలో లేనివాళ్ళకు పేరు బదులు ‘హక్కుదారు 1’, ‘హక్కుదారు 2’ అని వరస నంబర్లిచ్చాను. ఒకే మనిషి మూడు చోట్ల వస్తే మూడు చోట్లా అదే నంబరు. మా కక్షిదారుకు ఏడో నంబరు వచ్చింది. ఆమె పేరు కేసులో ఎలాగూ వుంటుంది గానీ, వాంగ్మూలాల జాబితాలో చిరునామా పక్కన వుండకూడదని సారు చెప్పారు. ఎవరు ఏ నంబరో చెప్పే పట్టిక సీలు కవరులో కోర్టుకు. ఎదుటి వకీలుకు షీటు కాకుండా అచ్చు వేసిన కాగితమే ఇచ్చాం.

సంతోషంగా ఆ కాగితం మా కక్షిదారుకు చూపించాను. ఆమెకు అంకెలు చదవను వచ్చు. వేలు పెట్టి వరసలన్నీ చూసింది. మొహం పాలిపోయింది.

‘నా పేరు కొట్టేసినారామ్మా?’

‘కొట్టెయ్యలేదు, కప్పినం.’

‘ఇంతకు ముందు గూడ గిట్లనే చేసిన్రు. మా ఆయన ఇరవై ఏండ్లు దున్నిన భూమి. కాగితంల ఆయన గడి వుంటుండె. కొత్త బుక్కులొచ్చినంక ఆ గడే లేదన్నరు.’

నేను నోరు తెరవలేకపోయాను. ఆమె చెప్పింది నిజం. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది, 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. ఆ మార్పుల్లో పహాణీలోని అనుభవదారు కాలము కనబడకుండా పోయింది. పట్టా ఒకరిది, సాగు ఒకరిది అయినచోట, దున్నేవాడికి వున్న ఒక్క సాక్ష్యం ఆ గడి. అదే ధరణిలో, తన భూమి వివరాలు బయటివాళ్ళకు కనిపించకుండా పెట్టుకునే వీలు పట్టాదారుకు ఇచ్చారు. 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. చూశారా తమాషా? వున్నవాడికి తెర దొరికింది, లేనివాడికి గడే పోయింది. రెండూ కనబడకపోవడమే. కానీ ఒకటి కప్పడం, ఇంకొకటి చెరపడం.

మూయడమంటే ఎప్పుడూ మంచిదేనని ఆ మధ్యాహ్నం దాకా అనుకునేదాన్ని. ఆలోచిస్తే మన పల్లెల్లో తెరిచి చదవడం వల్ల జరిగిన మేలూ తక్కువ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీలు జరిపారు. మస్టరు రోలు తెచ్చి గ్రామసభలో పేరు పేరునా చదివేవారు. ‘నేను ఆ రోజు పనికే పోలే, నా పేరు మీద కూలి ఎవరు తీసుకున్నరు?’ అని ఆడవాళ్ళు లేచి అడిగారు. ఆ పేర్ల మీద నల్లరంగు పూసి వుంటే అడిగేవాళ్ళెవరు? 2005 నాటి సమాచార హక్కు చట్టంలో పదో సెక్షను ఇందుకే పెట్టారు. ఒక కాగితంలో కొంత భాగం ఇవ్వకూడనిదైతే, ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి, తీసేశామని చెప్పాలి, ఎందుకో చెప్పాలి, ఎవరు నిర్ణయించారో కూడా చెప్పాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ఈ హక్కులో వ్యక్తిగత వివరాల నిబంధనను మరింత బిగించింది. ఇకమీద ఈ పేరు చెప్పి అధికారులు తమ లెక్కలు దాచుకుంటారేమోనని అభ్యంతరం చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళ భయం వుత్తది కాదు.

ఆమె ఇంకా నా మొహమే చూస్తోంది. ‘కప్పినోళ్ళు మళ్ల తీస్తరా?’ అని అడిగింది.

నేను సీలు కవరులో పెట్టబోయే పట్టిక తెచ్చి ఆమె ముందు పరిచాను. ఏడో నంబరు ఎదురుగా ఆమె పేరు చూపించాను. ‘ఇది జడ్జిగారి దగ్గర వుంటది. నీ వాటా ఇచ్చే రోజు ఇదే తీస్తరు. నీవున్న వూరు మాత్రం మీ మరిదికి తెలువదు’ అన్నాను. పేరు మీద వేలు పెట్టి కాసేపు అలాగే వుంచింది. తర్వాత అచ్చు కాగితంలో ఏడో నంబరు మీద పెట్టింది. రెండూ తనవేనని నమ్మకం కుదిరాక, ‘సరే’ అంది.

నేను మా సారుతో చెప్పి, కప్పిన ప్రతి గడిలో ఖాళీ వదలకుండా ‘కప్పబడినది’ అని రాయించాను. ఖాళీ గడి చూస్తే అక్కడ ఏమీ లేదనుకుంటారు. ఏముందో తెలియకపోయినా, వుందని తెలియాలి కదా.

మీరు కూడా ఒక పని చేయండి. ఎక్కడైనా ఆధార్ నకలు అడిగితే, చివరి నాలుగు అంకెలే కనబడే మూసిన ఆధార్ ఇవ్వచ్చేమో అడగండి. జిరాక్సు ఇస్తే, దాని మీద అడ్డంగా తేదీ, ఏ పనికి ఇస్తున్నారో రాయండి. సంఘం లెక్కల షీటు ఎవరికైనా పంపేముందు, దాచిన కాలములు వున్నాయేమో ఒకసారి తీసి చూడండి. మీ పేరు ఏ జాబితాలోనైనా లేకపోతే, కప్పారా, కొట్టేశారా అని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

మా అక్క మనవరాలికి ఈ మధ్య సంబంధం కుదిరింది. పిలుపుల కోసం పాత కట్నాల పుస్తకాలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కిస్తానని కూర్చుంది. నేను చదువుతుంటే అది కొడుతోంది. 1974 పుస్తకంలో ఆ పేజీ వచ్చింది. మెతుకు ఎండి రాయయింది, కాగితం ముక్క మాత్రం వూడలేదు. పేరు చెప్పాను, వూరు చెప్పాను.

‘మొత్తం గడిలో ఏం వెయ్యాలె చిన్నమ్మమ్మా?’

‘కప్పబడినది అని వెయ్యి.’

‘మరి తిరిగి ఎంత పెట్టాలో తెలిసేదెట్ల?’

‘నాకు తెలుసు’ అన్నాను. ఆ అత్త ఇప్పుడు లేదు. ఆమె మనవళ్ళు నాగర్‌కర్నూలులోనే వున్నారట. వచ్చే ఆదివారం కార్డు తీసుకుని నేనే వెళ్ళి పిలుద్దామనుకుంటున్నాను.